సర్వర్ డబ్బాకు ఎన్ని గంటలు, బాపు ఫ్యానుకు ఎన్ని గంటలు?

హనుమకొండ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. సారాంశం ఇది.

వయసు 39. ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ పాఠాలు చెబుతారు. కాజీపేటలో కొందరు విశ్రాంత ఉద్యోగులు కలిసి నడుపుతున్న చిన్న గ్రంథాలయానికి ఐదేళ్లుగా ఉచితంగా కంప్యూటర్ పనులు చూసిపెడుతున్నారు. ఆ గ్రంథాలయం జాబితా, పుస్తకాల ఇచ్చిపుచ్చుకోలు అంతా కోహా అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఉంది. అది నడిచే సర్వర్ ఈయన ఇంట్లోనే, హాలు మూలన: పాత డెస్క్‌టాప్, అందులో విండోస్‌కు బదులు డెబియన్ లైనక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్. పక్కనే ఇంకో చిన్న పెట్టెలో నెక్స్ట్‌క్లౌడ్ అనే ఫైళ్లు దాచే సాఫ్ట్‌వేర్, దాని నిండా పాత తెలుగు పత్రికల స్కాన్లు.

గత మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. గంటలో ఏడెనిమిది సార్లు. మర్నాడు డెస్క్‌టాప్ లేచింది కానీ కోహా లేవలేదు. డేటాబేసు చెడిపోయింది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న బ్యాకప్ మూడు వారాల నాటిది. ఆ మూడు వారాల్లోనే గ్రంథాలయానికి వచ్చే ఒక విశ్రాంత తెలుగు సారు 640 పుస్తకాల వివరాలు ఒక్కొక్కటిగా టైపు చేశారు. సంగతి చెబితే సారు ఏమీ అనలేదట. ఆ తరువాత గ్రంథాలయానికి రావడం మానేశారట.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, దానికి 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత దాచుకుంటుందో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీ. కానీ అది బాపు కోసం, అంటే వాళ్ల నాన్న కోసం. ఆయనకు 78 ఏళ్లు, ఆయాసం, ఫ్యాను లేనిదే నిద్రపట్టదు. సర్వర్లను ఆ లైనుకు కలుపుతానంటే భార్య ఒప్పుకోలేదు. "మేమంతా చెమటలు కక్కుతుంటే నీ డబ్బా చల్లగా ఉండాలా?" అన్నారట. ఇన్వర్టర్ల దుకాణం ఉన్న బావమరిది మాత్రం ఒక కేవీఏ (ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) ఆన్‌లైన్ యూపీఎస్, దానికి లిథియం బ్యాటరీలు, మొత్తం 48 వేలలో అమర్చి ఇస్తానన్నారు. జూన్‌లో కూతురి ఇంటర్ ఫీజు కట్టాలి. ఉత్తరం చివర ఒకే ప్రశ్న: "ఏ బ్యాటరీ కొనమంటారు? కనీసం ఆరు గంటలు రావాలి."

మిత్రమా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కంప్యూటర్ మనిషిగా, రెండోసారి ఇంటి మనిషిగా. రెండుసార్లూ అదే ఆరు గంటల దగ్గర ఆగాను. ఆరు గంటలు ఎందుకో నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు.

ముందు మే నెల సంగతి తేల్చుకుందాం. 640 పుస్తకాల వివరాలు కరెంటు వల్ల పోయాయని మీరు నమ్ముతున్నారు. కరెంటు వల్ల పోయింది డేటాబేసు ఒక్కటే. మూడు వారాల శ్రమ పోయింది మాత్రం చివరి బ్యాకప్ మూడు వారాల నాటిది కావడం వల్ల. ఈ తేడా మీరు ఒప్పుకోకపోతే 48 వేలు పెట్టి కొన్న బ్యాటరీ పక్కన కూర్చుని మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు, ఈసారి డిస్కు చచ్చిపోయిందని. డిస్కు చావడానికి కరెంటు పోనక్కరలేదు.

అసలు కోహా వెనుక ఉండే మరియాడీబీ అనే డేటాబేసు సాఫ్ట్‌వేర్ అంత సుకుమారమైనది కాదు. ప్రతి మార్పునూ ముందు ఒక చిట్టాలో రాసుకుని, తరువాతే అసలు పట్టికలో వేస్తుంది. ఉన్నట్టుండి కరెంటు పోయినా, తిరిగి లేచినప్పుడు చిట్టా చూసుకుని సర్దుకుంటుంది. అయితే డిస్కు నిజం చెప్పాలి. చవక ఎస్‌ఎస్‌డీలు (చిప్పుల మీద రాసే డిస్కులు) కొన్ని "రాసేశాను" అని చెప్పి ఇంకా తమ లోపలి మెమరీలోనే ఉంచుకుంటాయి. ఖరీదైన సర్వర్ డిస్కుల్లో కరెంటు పోయిన ఆ క్షణానికి సరిపడా విద్యుత్తును దాచే కెపాసిటర్లు ఉంటాయి. ఇంటి డిస్కుల్లో సాధారణంగా ఉండవు. దానికి తోడు మీ డెస్క్‌టాప్ కరెంటు రాగానే తనంతట తాను లేచేలా పెట్టి ఉంటుంది. గాలివాన రోజు అది లేవడం, చిట్టా చూసి సర్దుకోవడం మొదలుపెట్టడం, మధ్యలో మళ్లీ దెబ్బ తినడం. ఏడెనిమిది సార్లు. ఒక్కసారి పడ్డవాడు లేస్తాడు, లేస్తున్నవాడిని ప్రతిసారీ తోస్తుంటే ఎముక విరుగుతుంది. మీకు జరిగింది అదే అయి ఉంటుందని నా అంచనా.

అందుకే బ్యాటరీ అవసరమే. కానీ దాని పని ఏమిటి? సర్వర్‌ను నడిపించడమా, గౌరవంగా పడుకోబెట్టడమా? మొదటిదానికి గంటలు కావాలి. రెండోదానికి పది నిమిషాలు చాలు.

మీ సర్వర్ ఆరు గంటలు మేలుకుని ఉంటే ఎవరికి ఉపయోగం? గ్రంథాలయం సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా తెరుస్తారని రాశారు. కాజీపేటలో కరెంటు లేకపోతే అక్కడి కంప్యూటర్ కూడా నిద్రలోనే ఉంటుంది. అక్కడ ఉండి మీ వీధిలో మాత్రమే పోయిందనుకోండి, అప్పుడు మీ రూటర్ వెలగాలి, వీధి చివర ఇంటర్నెట్ వాళ్ల పెట్టె కూడా వెలగాలి. ఆ పెట్టెలో బ్యాటరీ ఎంతసేపు వస్తుందో మీకు తెలుసా? డబ్బు ఖర్చు పెట్టే ముందు ఇది తెలుసుకోండి. రూటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి, అరచేతిలో పట్టేంత. ఒకటి తగిలించి, ఈసారి కరెంటు పోయినప్పుడు గడియారం చూడండి. ఇంటర్నెట్ గంటకే చచ్చిపోతే, సర్వర్‌కు ఆరు గంటలు కొనడం తలుపు వేసిన దుకాణంలో దీపం పెట్టడమే. పాఠకులకు పుస్తకాలు ఇవ్వాల్సి వస్తే ఆ గంటా రెండు గంటలూ నోటుబుక్కులో సభ్యత్వ సంఖ్య, పుస్తకం సంఖ్య రాసుకుని తరువాత ఎక్కించవచ్చు. కంప్యూటర్లు రాకముందు గ్రంథాలయాలన్నీ అలాగే నడిచాయి.

ఇప్పుడు లెక్కలు. మీ డెస్క్‌టాప్, చిన్న పెట్టె, నెట్‌వర్క్ స్విచ్చు (కంప్యూటర్లను తీగలతో కలిపే డబ్బా), రూటర్ అన్నీ కలిపి ఎంత తాగుతాయో మీరు రాయలేదు. సాకెట్టుకు, ప్లగ్గుకు మధ్య పెట్టే చిన్న వాట్ మీటరు ఒకటి కొని చూడండి. పాత డెస్క్‌టాప్ ఊరికే ఉన్నప్పుడు 45 వాట్లు, మిగతావన్నీ కలిపి 35 అనుకుందాం. మొత్తం 80 వాట్లు. తక్కువే అనిపిస్తుంది. కానీ 24 గంటలూ నడుస్తుంది కాబట్టి రోజుకు దాదాపు 2 యూనిట్లు, నెలకు 58. మీ ఆవిడకు ఈ సంగతి బిల్లు చూసి ఎప్పుడో తెలిసే ఉంటుంది.

మీ ఇన్వర్టర్ బ్యాటరీ 12 వోల్టులు, 150 ఏహెచ్. గుణిస్తే 1800 వాట్ అవర్లు. అంతా మన చేతికి రాదు. మీ ట్యూబులర్ లాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ అడుగంటా ఖాళీ చేస్తే దాని ఆయుష్షు పడిపోతుంది. సగం దగ్గర ఆపాలి. ఆ 900లోనూ ఇన్వర్టర్ తన వాటా తినేస్తుంది. చేతికి 720 మిగిలిందనుకుందాం. ఇంట్లో రెండు పాత సీలింగ్ ఫ్యాన్లు, ఒక్కొక్కటి 75 వాట్లు, లైట్లు 40. కలిపి 190 వాట్లు. దీని మీద బ్యాటరీ మూడు గంటల నలభై ఐదు నిమిషాలు వస్తుంది. మీ 80 వాట్లు కలిపితే 270. అప్పుడు రెండు గంటల నలభై నిమిషాలు.

అంటే మీ డబ్బా బాపు ఫ్యానులో గంటకు పైగా తింటుంది. మీ ఆవిడ కాగితం మీద లెక్క వేయకపోయినా లెక్క సరిగ్గానే చెప్పారు. ఉత్తరంలో ఆవిడ మాటను మీరు ఫిర్యాదుగా రాశారు. నాకది కొలతలా వినిపించింది.

కాబట్టి మొదటి దారి ఇన్వర్టర్ జోలికి పోకుండా ఉండటం. సర్వర్లకు విడిగా 600 వీఏ (0.6 కేవీఏ) లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ ఒకటి. ఇది వోల్టేజీ తగ్గినా పెరిగినా కొంతవరకు తానే సర్ది ఇస్తుంది, ప్రతిదానికీ బ్యాటరీ మీద పడదు. వేసవి సాయంత్రాల్లో లైట్లు ఎర్రబారే వీధులకు ఇది ముఖ్యం. 600 వీఏ చూసి 600 వాట్లనుకోకండి. ఈ తరగతి యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్లే మోస్తాయి. మీకు అదీ ఎక్కువే. ఆ అంకె ఎంత బరువు ఎత్తగలదో చెబుతుంది, ఎంత దూరం మోస్తుందో చెప్పదు. దూరం లోపలి బ్యాటరీ చెబుతుంది: సాధారణంగా 12 వోల్టులు, 7 ఏహెచ్. మీ 80 వాట్లకు కొత్తలో ఇరవై నిమిషాలు, రెండేళ్లు గడిచాక అందులో సగం అనుకోండి. బావమరిది చెప్పిన 48 వేలలో పదో వంతు కూడా కాదు ఖర్చు.

కొనేటప్పుడు ఒక్కటే పట్టుబట్టండి. వెనుక యూఎస్‌బీ డేటా పోర్టు ఉండాలి. ఫోను ఛార్జింగ్ పెట్టుకునే యూఎస్‌బీ కాదు, కంప్యూటర్‌తో మాట్లాడేది. చవక వాటిలో చాలావాటికి ఇది ఉండదు. దుకాణంలో అడిగితే "ఉంది సార్" అంటారు. డబ్బా తిప్పి కళ్లతో చూడండి.

ఇక్కడ నా మూర్ఖత్వం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం నేనూ ఇలాంటిదే కొన్నాను. డేటా కేబులు ప్లాస్టిక్ కవరులో అలాగే ఉంది, సొరుగులో పెట్టాను. రెండేళ్లు హాయిగా గడిచాయి. ఒక రాత్రి మూడింటికి కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు కీచుకీచుమంది, బ్యాటరీ అయిపోగానే ఆరిపోయింది, దానితోపాటు సర్వర్ కూడా. యూపీఎస్ లేకపోతే ఏం జరిగేదో సరిగ్గా అదే, ఇరవై నిమిషాలు ఆలస్యంగా జరిగింది. బ్యాటరీ కొన్నాను, సర్వర్‌కు ఆ సంగతి చెప్పలేదు.

ఆ చెప్పే పని చేసేది నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్. అందరూ నట్ అంటారు. డెబియన్‌లో దొరుకుతుంది, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. కేబులు డెస్క్‌టాప్‌కు పెట్టండి. నట్ స్కానర్ నడిపితే ఏ డ్రైవరు (ఆ యూపీఎస్ మాట అర్థం చేసుకునే చిన్న ప్రోగ్రాము) సరిపోతుందో చెబుతుంది. చాలావాటికి యూఎస్‌బీ హెచ్‌ఐడీ డ్రైవరు, మన దగ్గర దొరికే చవక వాటిలో కొన్నింటికి క్యూఎక్స్ డ్రైవరు పనిచేస్తుంది. ఇలా చూస్తే డెస్క్‌టాప్ పెద్దన్న, నెక్స్ట్‌క్లౌడ్ పెట్టె తమ్ముడు. తమ్ముడికి వార్త నెట్‌వర్క్ ద్వారా, 3493 పోర్టు మీద అందుతుంది. అందరూ మరిచిపోయేది ఒకటుంది: ఆ వార్త మోసే చిన్న స్విచ్చు కూడా యూపీఎస్ మీదే ఉండాలి. లేకపోతే కరెంటుతోపాటే స్విచ్చు పోతుంది, తమ్ముడికి కబురు అందదు.

సాధారణంగా నట్ బ్యాటరీ అడుగంటిందని యూపీఎస్ చెప్పేదాకా ఆగుతుంది. మీరు ఆగవద్దు. ముసలి బ్యాటరీ ఇంకా నలభై శాతం ఉందని చెబుతూనే చటుక్కున చేతులెత్తేస్తుంది. కరెంటు పోయి ఐదు నిమిషాలు కాగానే మూసివేత మొదలయ్యేలా టైమరు పెట్టండి. అందుకు యూపీఎస్‌షెడ్ అనే భాగం ఉంది. ముందు తమ్ముడు పడుకుంటాడు, తరువాత అన్న. మొండికేసిన సర్వీసు ఏదైనా ఉంటే, లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి బలవంతంగా ఆపుతుంది. అన్నీ కలిపి ఎనిమిది నిమిషాల్లో ముగుస్తుంది. రెండేళ్ల పాత బ్యాటరీ కూడా అంతవరకు వస్తుంది.

ఒక చిక్కు మిగిలింది. మూసివేత సగంలో ఉండగా కరెంటు వచ్చేస్తే? డెస్క్‌టాప్ ఆరిపోతుంది. కానీ దానికి విద్యుత్తు ఆగలేదు కాబట్టి "కరెంటు వచ్చింది, లేవాలి" అన్న సంగతి దానికి ఎప్పటికీ తెలియదు. మీరు కళాశాల నుంచి ఇంటికి వచ్చేదాకా అలాగే పడి ఉంటుంది. దీనికి మందు నట్‌లోనే ఉంది. సర్వర్ చివరి క్షణంలో యూపీఎస్‌కు "నువ్వు కూడా ఒకసారి ఆరి, కరెంటు ఉంటే వెలుగు" అని చెప్పి పడుకుంటుంది. బయోస్‌లో (కంప్యూటర్ లేవగానే ముందు నడిచే ప్రోగ్రాము) కరెంటు రాగానే లేచే అమరిక అలాగే ఉంచండి. గాలివాన రోజు ఆ కుదుపులన్నీ ఇకమీదట యూపీఎస్ తింటుంది, సర్వర్ తినదు.

రెండో దారి కాస్త తమాషాగా ఉంటుంది. మీకు నిజంగా గంటలు కావాలనుకోండి. రూటర్ ప్రయోగం చేశారు, ఇంటర్నెట్ మూడు గంటలు నిలిచింది, కాజీపేట వాళ్లకు సాయంత్రాలు నిజంగా అవసరం. అప్పుడు కొత్త బ్యాటరీ కొనకండి, ఫ్యాన్లు కొనండి. పాత ఫ్యాను 75 వాట్లు తాగితే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని మోటారు) ఫ్యాను అదే గాలిని 30 వాట్లకు ఇస్తుంది. రెండు మారిస్తే 90 వాట్లు మిగులుతాయి. మీ సర్వర్లు తాగేది 80. అంటే రెండు కొత్త ఫ్యాన్లు, లైట్లు, సర్వర్లు అన్నీ కలిపినా 180 వాట్లు, ఇవాళ సర్వర్లు లేకుండా ఇల్లు తాగుతున్న 190 కన్నా తక్కువ. బాపుకు నిమిషం కూడా తగ్గదు. సర్వర్లను ఐదు నిమిషాలకే పడుకోబెట్టి ఫ్యాన్లు మాత్రం మార్చారనుకోండి, బాపు ఫ్యాను ఏడు గంటలు తిరుగుతుంది. మీరు సర్వర్‌కు అడిగిన ఆరు గంటల కన్నా ఎక్కువే.

ఈ దారిలో జాగ్రత్తలున్నాయి. మీ ఇన్వర్టర్ సైన్ వేవా, స్క్వేర్ వేవా? అంటే అది ఇచ్చే కరెంటు అల లైనులో వచ్చేదానిలా నునుపుగా ఉంటుందా, మెట్లు మెట్లుగా ఉంటుందా? స్క్వేర్ వేవ్ అయితే కొన్ని కంప్యూటర్ పవర్ సప్లైలు పేచీ పెడతాయి. దాని వెనుక యూపీఎస్ పెడితే అది ఆ కరెంటును కరెంటుగానే ఒప్పుకోక టక్కుటక్కుమంటూ తన బ్యాటరీ మీదకు పోతుంది. సైన్ వేవ్ అయితే ముందు భాగంలో యూపీఎస్ మోడ్ అనే మీట ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో లైను కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి పట్టే సమయం కంప్యూటర్‌కు ఎక్కువ కావచ్చు. కంప్యూటర్ పవర్ సప్లై పూర్తి బరువు మీద నిలబడగలిగేది 16, 17 మిల్లీసెకన్లు మాత్రమే. మీ 80 వాట్ల బరువుకు ఇంకాస్త ఎక్కువ నిలుస్తుంది, కానీ దాన్ని నమ్ముకుని డేటాబేసు నడపలేం. యూపీఎస్ మోడ్‌లో త్వరగా మారుతుంది. బదులుగా వోల్టేజీ కొంచెం పడినా బ్యాటరీ మీదకు వెళ్లిపోతుంది, మే నెలలో అది బాపు వాటా నుంచే పోతుంది.

ఇంటి ఇన్వర్టర్లకు చాలావరకు డేటా పోర్టు ఉండదు. కరెంటు పోయిందని సర్వర్‌కు ఎలా తెలుస్తుంది? మూల పడేసిన పాత రూటర్ ఒకటి తీయండి. దాన్ని ఇన్వర్టర్ లైను మీద కాకుండా నేరు కరెంటు సాకెట్టులో పెట్టి, సర్వర్ ఉన్న స్విచ్చుకే తీగతో కలపండి. అందులో డీహెచ్‌సీపీ (ఇంట్లో పరికరాలకు నెట్‌వర్క్ చిరునామాలు పంచే పని) ఆపేసి ఒక స్థిర చిరునామా ఇవ్వండి, లేకపోతే ఇంట్లో ఫోన్లన్నీ తికమకపడతాయి. సర్వర్‌లో చిన్న స్క్రిప్టు నిమిషానికోసారి దాన్ని పలకరిస్తుంది. పలికితే కరెంటు ఉన్నట్టు. వరుసగా తొంభై నిమిషాలు పలకకపోతే మూసివేత మొదలు. పైసా ఖర్చు లేని కాపలాదారు. తొంభై అన్నది మీ ఆవిడతో కూర్చుని నిర్ణయించుకోవాల్సిన అంకె. ఆవిడ నలభై అంటే నలభై పెట్టండి.

మూడో దారి మీ బావమరిది చెప్పినది. ఆయన చెప్పినది చెడ్డ సరుకేమీ కాదు. ఆన్‌లైన్ యూపీఎస్ ఎప్పుడూ తన లోపలి ఇన్వర్టర్ నుంచే కరెంటు తయారుచేసి ఇస్తుంది కాబట్టి మారే సమయం సున్నా. ఆసుపత్రి పరికరాలకు, బ్యాంకు సర్వర్లకు అది తగును. మీ ఇంట్లో ఏం జరుగుతుంది? ఒక కేవీఏ యంత్రం మీద 80 వాట్ల బరువు పెడితే దాని సొంత తిండే ఇరవై ముప్పై వాట్లు ఉంటుంది, కరెంటు ఉన్నా లేకున్నా. దానిలో చిన్న ఫ్యాను రాత్రింబవళ్లు గుయ్యిమంటుంది. హాలు పక్క గదిలో బాపు పడుకుంటారు.

లిథియం అంటే అన్నీ ఒకటి కాదు. ఇంటి వాడకానికి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అడగాలి. వేల సార్లు నింపి ఖాళీ చేయవచ్చు, ఎనభై శాతం దాకా వాడుకున్నా నొచ్చుకోదు, నీళ్లు పోయనక్కరలేదు. కానీ లెడ్ యాసిడ్ కోసం చేసిన యూపీఎస్‌లో దాన్ని ఊరికే తగిలిస్తే కుదరదు. ఛార్జరు వోల్టేజీ దానికి తగినట్టు ఉండాలి. ఇంకొకటి, దాని వోల్టేజీ చివరిదాకా దాదాపు ఒకేలా ఉంటుంది. వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పే యూపీఎస్‌కు అది ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది. ఆఖరున లోపలి రక్షణ సర్క్యూట్ టక్కున కోసేస్తుంది. సర్వర్‌కు హెచ్చరిక రాదు. అందుకే ఆ దారిలో వెళ్లినా టైమరు తప్పదు. ఛార్జింగుకు 45 డిగ్రీలు దాటకూడదని తయారీదారులు సాధారణంగా చెబుతారు. మన మే నెల బయట ఆ అంకె దగ్గరకు వస్తుంది.

ఇంకెవరైనా "చిన్న యూపీఎస్‌కే పెద్ద బ్యాటరీ కట్టేద్దాం" అంటే వద్దనండి. దాని ట్రాన్స్‌ఫార్మర్ పావుగంట పనికి చేసినది, గంటల తరబడి నడిపితే కాలుతుంది. దాని ఛార్జరు ఒక ఆంపియర్ ఇస్తుందనుకుంటే 150 ఏహెచ్ బ్యాటరీ నిండడానికి వారం పడుతుంది.

నాలుగో దారి అన్నీ ఎత్తి అద్దె సర్వర్‌లో పెట్టడం. కోహాకు అది నిజంగా ఆలోచించదగినదే. చిన్న గ్రంథాలయపు డేటాబేసు ఎంతో ఉండదు, నెలనెలా అద్దెను గ్రంథాలయం వాళ్లే భరించవచ్చు, మీ మెడ మీద భారం దిగుతుంది. పత్రికల స్కాన్లకు మాత్రం ఆ జాగా అద్దె ఎక్కువవుతుంది, అవి ఇంట్లోనే ఉండనివ్వండి. అవి కరెంటు పోయినప్పుడు నిద్రపోతే ఎవరికీ నష్టం లేదు. ఇంటి నుంచి నడపడంలో మీకో గర్వం ఉందని ఉత్తరంలో వాసన తగిలింది. నాకూ ఉంది, అందుకే తప్పు పట్టను. ఆ గర్వం ఖర్చు ఎవరు మోస్తున్నారో మాత్రం చూసుకోండి.

నేనైతే మొదటి దారిలో ఈ నెలే వెళ్లి, ఫ్యాన్లు ఒక్కొక్కటిగా మారుస్తాను. మొదటిది బాపు గదిలో. అవి మీ బావమరిది దుకాణంలోనే కొనండి. యూపీఎస్ కూడా ఆయన దగ్గరే, డేటా పోర్టు ఉన్నది తెప్పించమనండి. 48 వేల బేరం పోయినా చుట్టరికం పోదు.

ఏ దారిలో వెళ్లినా బ్యాటరీ ఎక్కడ పెడతారన్నది చూసుకోండి. అటక మీద వద్దు. మధ్యాహ్నం స్లాబు కింద వేడి అక్కడే నిలుస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీలు హాయి, ఆ పైన ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు సుమారు సగమవుతుంది. నేల మీద కూడా వద్దు. 2023 జూలై వానలకు హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చిన సంగతి మీకు నేను చెప్పాలా? రెండడుగుల ఇనుప స్టాండు వేయించండి, గాలి ఆడే చోట. ఎర్తింగు కూడా ఒకసారి చూపించండి. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య నాలుగైదు వోల్టులు దాటి ఉంటే ముందు ఆ పని చేయించి, తరువాత యూపీఎస్ పెట్టండి.

బ్యాకప్ మాట మళ్లీ ఎత్తుతున్నందుకు విసుక్కోకండి. రాత్రి రెండింటికి డేటాబేసు నకలు తనంతట తాను తీసి, నెక్స్ట్‌క్లౌడ్ పెట్టెలో ఒకటి, ఇంటి బయట ఎక్కడైనా ఒకటి పెట్టేలా చేయండి. నెలకోసారి ఆ నకలును వేరే కంప్యూటర్‌లో తెరిచి, సారు టైపు చేసిన చివరి పుస్తకం అందులో కనిపిస్తోందో లేదో చూడండి. దీనికి వాట్ మీటరు అక్కరలేదు, బావమరిది అక్కరలేదు, ఒక సాయంత్రం చాలు. యూపీఎస్ కొనే ముందే చేయండి.

అంతా అమరాక ఒక ఆదివారం, బాపు వరండాలో ఉన్నప్పుడు, పరీక్ష పెట్టండి. ప్లగ్గు పీకకండి, పీకితే ఎర్త్ కూడా పోతుంది. గోడ మీద స్విచ్చు ఆపండి. ఐదు నిమిషాలకు తమ్ముడు పడుకోవాలి, తరువాత అన్న, చివరకు యూపీఎస్ గొంతు ఆగాలి. మళ్లీ స్విచ్చు వేస్తే మీరు ఏ మీటా నొక్కకుండా కోహా తెర మీదకు రావాలి. మూడు నెలలకోసారి ఇలా చేస్తే బ్యాటరీ ముసలిదవుతున్న సంగతి గాలివాన కన్నా ముందు మీకే తెలుస్తుంది. మొదటి పరీక్షకు మీ అమ్మాయిని గడియారం పట్టుకుని కూర్చోమనండి. ఇంటర్‌లో చేరబోయే పిల్లకు ఇది మంచి ప్రయోగం.

ఇక సారు. ఆయన ఏమీ అనలేదని రాశారు, మీరు ఏమన్నారో రాయలేదు. "కరెంటు వల్ల పోయింది సార్" అని ఉంటారు. ఆయన స్థానంలో ఉంటే నాకు ఏమర్థమవుతుంది? మళ్లీ కరెంటు పోతే మళ్లీ పోతుంది, ఇంకెందుకు టైపు చేయడం అని. ఆయన ఇంటికి వెళ్లి, బ్యాకప్ తీయనిది నేనే సార్ అని చెప్పండి. క్షమాపణ పొడుగ్గా వద్దు.

వెళ్లే ముందు ఒకటి కనుక్కోండి. గ్రంథాలయాల్లో పుస్తకం రాగానే ముందు రిజిస్టరులో ఎక్కిస్తారు. ఆ 640 పుస్తకాలూ రిజిస్టరులో ఉంటే పోయింది టైపింగు ఒక్కటే. మీ విద్యార్థులు నలుగురిని కూర్చోబెట్టండి, తలా 160 వస్తాయి. సారును టైపు చేయమనకండి. తెలుగు పేర్లలో వాళ్లు చేసే అచ్చుతప్పులు పట్టడానికి ఎవరైనా కావాలని, ఆయన తప్ప ఎవరూ పట్టలేరని చెప్పండి. అది అబద్ధం కూడా కాదు. ఆయన వస్తానంటే ఆ వారం ప్రతి రాత్రీ నకలు తీసిన సంగతి, ఎన్ని పుస్తకాలు చేరాయో ఆ అంకెతో సహా, పొద్దున్నే ఆయన ఫోనుకు వచ్చేలా పెట్టండి. స్క్రిప్టులో రెండు వరుసల పని.